గురువారం అంకెలు

ఫిబ్రవరి 6, గురువారం

గట్టెక్కాం. ఈ వారం కూడా ప్రేక్షకుల లెక్కలో మొదటి స్థానం మాదే. ఎదురింటివాళ్ళకీ, అంటే మా పోటీ ఛానెల్‌కీ, మాకూ మధ్య తేడా ఎంతో ఇక్కడ రాయడానికి కూడా సిగ్గేస్తోంది. పాయింటు తర్వాత రెండో అంకెలో ఉంది ఆ తేడా. దానికే డెసిమల్ సారు కేకు తెప్పించారు. ఆయన ఛానెల్‌కి డైరెక్టరు, పాయింటు తర్వాతి అంకెల కోసం ప్రాణం పెడతారు కాబట్టి ఆ పేరు. కేకు కోసేటప్పుడు ఆయన రెండో చేతిలో కడుపు మంట మాత్రలు ఉన్నాయి.

కిటికీలోంచి చూస్తే రోడ్డుకి అవతల ఎదురింటివాళ్ళ భవనం. ప్రేక్షకుల లెక్కలు చూసే వాళ్ళ రీసెర్చి విభాగం కూడా మాలాగే నాలుగో అంతస్తులోనే. అక్కడా ఒకావిడ గురువారం పొద్దున మానిటరు ముందు తల పట్టుకుని కూర్చోవడం చాలాసార్లు చూశాను. ఇన్నేళ్ళలో ఒక్కసారీ పలకరించుకోలేదు. ఈవేళ ఆవిడ కిటికీ తెర వేసేసుకుంది.

నేను ఉద్యోగంలో చేరినప్పుడు ఇలాంటి అంకె వస్తే కార్యక్రమం ఎత్తేసేవాళ్ళం. ఇప్పుడు అదే అంకెకి కేకు కోస్తున్నాం.

ఫిబ్రవరి 7, శుక్రవారం

మా ఛానెల్ వార్షికోత్సవానికి పాతికేళ్ళ గ్రాఫు కావాలట. డబ్బు కట్టకుండా చూసే ఛానెళ్ళు మూడూ, పాతికేళ్ళ పాటు ఎవరు ఎక్కడున్నారో ఒక్క కాగితం మీద. "మన గీత పైన కనపడాలమ్మా, అంతే" అన్నారు సారు. పైన కనపడేలా గీయడం నాకు వెన్నతో పెట్టిన విద్య. కింద భాగం కత్తిరించి, గ్రాఫు మధ్యలోంచి మొదలుపెడితే వెంట్రుకంత తేడా కూడా కొండలా కనిపిస్తుంది. మొదటి స్థానం రాని వారం ఇంకో పని చేస్తాను. ప్రేక్షకుల్ని ముక్కలు కోస్తాను. ఆడవాళ్ళు, నగరాలు, ఇంత వయసు పైన, వారాంతం కాని రోజులు. కోసుకుంటూ పోతే ఎక్కడో ఒకచోట మేం మొదటి స్థానంలో ఉంటాం. ఆ ముక్కని పెద్ద అక్షరాల్లో వేసి పత్రికలకి పంపిస్తాం. ఎదురింటివాళ్ళూ అదే చేస్తారు. మూడోవాళ్ళకి కోయడానికి కూడా పెద్దగా ఏం మిగల్లేదు పాపం.

ఫిబ్రవరి 8, శనివారం

అత్తయ్యగారింటికి వెళ్ళాను. కొత్త టీవీలో ఏవో వార్తలు వస్తున్నాయి, పక్కన ఒక పెట్టె. దాని మీద ఎంబ్రాయిడరీ గుడ్డ కప్పి ఉంది. గుడ్డ కింద ఎర్రగా ఏదో మిణుకుమంటోంది.

"ఏంటత్తయ్యా అది?"

"అదా, కరెంటు ఎక్కువతక్కువలు రాకుండా పెట్టించాంలే. కూర్చో, టీ పెడతాను."

ఆవిడకి అబద్ధం చెప్పడం రాదు. చెవులు ఎర్రబడ్డాయి. నేను అడగడం మానేశాను. ఆ పెట్టె ఏమిటో నాకు తెలియకపోతే ఇంకెవరికి తెలుస్తుంది. గురువారం అంకెలన్నీ అలాంటి పెట్టెల్లోంచే వస్తాయి. ఊరంతటిలో కొద్ది ఇళ్ళలో పెడతారు, ఒక్కో ఇల్లు కొన్ని వేల ఇళ్ళ లెక్క. ఇంట్లో ప్రతి మనిషికీ చిన్న రిమోట్ మీద ఒక మీట. టీవీ ముందు కూర్చోగానే నొక్కాలి, లేవగానే మళ్ళీ నొక్కాలి. తమ ఇంట్లో ఉందని ఎవరికీ చెప్పకూడదు. టీవీల్లో పనిచేసేవాళ్ళ బంధువుల ఇళ్ళలో అసలు పెట్టకూడదు.

ఏడున్నరకి అత్తయ్య ఎదురింటివాళ్ళ కోర్టు సీరియల్ పెట్టారు. లాయరమ్మ సాక్షిని నిలదీస్తుంటే ఈవిడ ఇక్కడ సోఫాలో ముందుకు జరిగి కూర్చున్నారు. మామయ్య పేపర్లో గళ్ళు నింపుకుంటున్నారు. నేను టీ తాగుతూ పెట్టె వైపు చూడకుండా ఉండటానికి నానా అవస్థ పడ్డాను.

ఫిబ్రవరి 10, సోమవారం

మా ఆయనకి చెప్పలేదు. వాళ్ళ అమ్మ ఇంటి సంగతి ఆయనకి చెప్పకుండా దాచడం ఇదే మొదటిసారి.

ఫిబ్రవరి 11, మంగళవారం

చెప్పాలి. నిబంధన స్పష్టంగా ఉంది. ఈ పెట్టెలు పెట్టే లెక్కల సంస్థకి ఫోన్ చేసి, ఫలానా ఇల్లు మా అత్తగారిది, తీసేయండి అంటే అయిపోతుంది. రెండు నిమిషాల పని.

కానీ అత్తయ్య చూసేది ఎదురింటివాళ్ళ సీరియల్. నేను ఫోన్ చేస్తే వాళ్ళకి ఒక ఇల్లు తగ్గుతుంది, మాకు లాభం. రేపు ఎవరైనా అడిగితే? రీసెర్చి హెడ్ తన అత్తగారిని అడ్డం పెట్టుకుని పక్కవాళ్ళ అంకె తగ్గించింది అనరూ? నిజాయతీగా ఉండబోయి దొంగనవుతాను. అందుకని చెప్పకపోవడమే న్యాయం. ఏ పక్కా మొగ్గకుండా ఊరుకోవడం.

బాగా ఆలోచించాకే ఇలా అనుకున్నాను.

ఫిబ్రవరి 13, గురువారం

తేడా ఇంకా తగ్గింది. మేమే ముందు. కేకు లేదు. సారు భోజనం డబ్బా తెరిచి మళ్ళీ మూసేశారు.

మధ్యాహ్నం నన్ను పిలిచి, గొంతు తగ్గించి చెప్పారు. "పైవాళ్ళు ఒకటే మాట అంటున్నారమ్మా. నంబర్ వన్ పోతే ఇంత పెద్ద రీసెర్చి విభాగం ఎందుకు, బయటివాళ్ళకి ఇచ్చేద్దాం అని. నీతో కలిపి ఏడుగురు. నేను ఆపుతున్నాను. ఎన్నాళ్ళు ఆపగలనో తెలీదు."

నా వెనకాల కూర్చునే గ్రాఫుల అమ్మాయికి పోయిన నెలే పెళ్ళి కుదిరింది. ఇంకొకతనికి ఇద్దరు పిల్లలు. వాళ్ళ మొహాలు చూస్తూ పని చేయడం కష్టంగా ఉంది. ఇంటికొచ్చి మా ఆయనకి ఇది మాత్రం చెప్పాను. పెట్టె సంగతి కాదు.

ఫిబ్రవరి 17, సోమవారం

అత్తయ్యకి మోకాళ్ళ నొప్పులు. డాక్టరు ఎప్పటినుంచో నడవమంటున్నారు, ఎవరూ పట్టించుకోవడం లేదు. కోడలిగా నాకూ ఒక బాధ్యత ఉంది కదా. ఇవాళ్టినుంచి సాయంత్రం వాళ్ళింటికి వెళ్ళి ఆవిడని పార్కుకి తీసుకెళ్ళాలని నిర్ణయించాను. నాకు ఆఫీసు అయ్యేసరికి ఏడవుతుంది కాబట్టి ఏడున్నరకే కుదురుతుంది. వేరే సమయం కుదరదు.

ఇవాళ తీసుకెళ్ళాను. ఆవిడ మొదట మొహమాటపడ్డారు. "ఇప్పుడా? కాసేపాగి వెళ్దామా" అన్నారు. "చీకటి పడితే దారి కనిపించదత్తయ్యా" అన్నాను. అప్పటికే చీకటి పడింది. ఆవిడ "చెప్పులేసుకుని వస్తా" అని లోపలికి వెళ్ళి చాలాసేపు రాలేదు.

ఫిబ్రవరి 19, బుధవారం

నడక మూడో రోజు. అత్తయ్య ఇంత మాట్లాడతారని నాకు ఇన్నేళ్ళుగా తెలియదు. ఇంట్లో ఆవిడ మాట పూర్తయ్యేలోపు మామయ్యో, మా ఆయనో అందుకుంటారు. పార్కులో అందుకునేవాళ్ళు లేరు. కుట్టుమిషను నేర్పే బడిలో ఆవిడ పనిచేసిన రోజులు చెప్పారు. అక్కడ హెడ్డుగా ఉన్నావిడ నడక ఎలా ఉండేదో నడిచి చూపించారు. నవ్వలేక చచ్చాను. పక్క బెంచీ మీద కూర్చున్న పెద్దమనిషి కూడా నవ్వు ఆపుకున్నాడు.

ఒకటి రెండుసార్లు ఆవిడ గడియారం చూసుకున్నారు. సీరియల్ తప్పిపోతోందని బాధ కాబోలు. నాకు మనసులో చివుక్కుమంది. కానీ మోకాళ్ళు ముఖ్యం.

ఫిబ్రవరి 27, గురువారం

నమ్మలేకపోతున్నాను. ఏడున్నర గంటల పాటల పోటీకి, అరవై దాటిన ఆడవాళ్ళలో మా అంకె అమాంతం పెరిగింది. పాటల పోటీ మాదే. పోయినేడాది నుంచీ పడుకున్న కార్యక్రమం అది, ఎత్తేయాలని చూస్తున్నారు. ఆ ముక్కలో ఎదురింటివాళ్ళ అంకె మాత్రం ఎక్కడిదక్కడే ఉంది. అత్తయ్య పది రోజులుగా సీరియల్ చూడటం లేదు, అయినా తగ్గలేదు. ఒక్క ఇల్లు వల్ల ఏమవుతుందిలే. నేను ఊరికే కంగారు పడ్డాను. నా వల్ల ఎవరికీ నష్టం జరగలేదు.

మొత్తం మీద మొదటి స్థానం మాదే, పోయిన వారం కంటే కాస్త ఎడంగా.

మార్చి 6, గురువారం

మళ్ళీ పెరిగింది. నాకు చిన్నపాటి జ్వరం లాంటి ఉత్సాహం. కూర్చుని సారుకి నాలుగు పేజీలు రాసిచ్చాను. పాత ప్రేక్షకులు తిరిగొస్తున్నారని. ఫోన్లలో, డబ్బు కట్టి చూసే సినిమాల్లో తమకి చోటు లేదని పెద్దవయసు ఆడవాళ్ళు గ్రహించి, మళ్ళీ ఉచిత ఛానెళ్ళ వైపు, అందులోనూ పాటల వైపు మళ్ళుతున్నారని. చదివితే నాకే కళ్ళు చెమర్చాయి. పాతికేళ్ళుగా కిందకి దిగుతున్న గీత ఒకచోట ఆగి పైకి చూడటం నేను మొదటిసారి చూస్తున్నాను.

సారు చదివి లేచి నిలబడ్డారు. "వార్షికోత్సవంలో ఇదే చెప్దాం. పెద్దావిడలు ఇంటికి తిరిగొచ్చారు అని పెడదాం పేరు" అన్నారు. డబ్బా తెరిచి సగం భోజనం కూడా చేశారు. నా విభాగం నిలబడిందనుకున్నాను. గ్రాఫుల అమ్మాయికి పెళ్ళి సెలవు కాగితం మీద సంతకం పెట్టిచ్చాను.

మార్చి 11, మంగళవారం

అత్తయ్య ఒక కొత్త సంగతి అడిగారు. "ఆ అంకెలు వచ్చేది గురువారమే కదా? ఈ మధ్య బాగా వస్తున్నాయా?"

"బాగా వస్తున్నాయత్తయ్యా."

ఆవిడ మొహం వెలిగిపోయింది. నా ఉద్యోగం గురించి ఆవిడ అంత సంతోషపడటం చూసి, వచ్చే గురువారం కూడా తప్పకుండా చెప్తానన్నాను.

మార్చి 17, సోమవారం

ఇవాళ జరిగింది ఉన్నది ఉన్నట్టు రాస్తాను.

పార్కు గేటు దాకా వెళ్ళాక ఫోన్ వాళ్ళ సోఫాలో మర్చిపోయానని గుర్తొచ్చింది. "మీరు కూర్చోండి, తెచ్చుకుంటాను" అన్నాను. అత్తయ్య చెయ్యి పట్టుకున్నారు. "ఎందుకూ, తిరిగి వెళ్ళేటప్పుడు తీసుకోవచ్చు కదా. ఇప్పుడు ఫోన్ ఎవరు చేస్తారు." ఆవిడ చెవులు ఎర్రగా ఉన్నాయి. నేను పట్టించుకోకుండా వచ్చేశాను.

మెట్లెక్కుతుంటేనే పాట వినిపించింది. తలుపు తీశాను. హాల్లో ఎవరూ లేరు. టీవీలో మా పాటల పోటీ, సౌండు బాగా పెంచి ఉంది. ఒక కుర్రాడు కళ్ళు మూసుకుని సాగదీస్తున్నాడు, ఖాళీ సోఫా వింటోంది. ఎంబ్రాయిడరీ గుడ్డ మడతపెట్టి పక్కన ఉంది. పెట్టె మీద పచ్చగా రెండు లైట్లు. ఒకటి అత్తయ్య, రెండోది మామయ్య.

మామయ్య పడకగదిలో తలుపేసుకుని, చెవుల్లో దూది పెట్టుకుని గళ్ళు నింపుకుంటున్నారు. నన్ను చూసి దూది తీశారు.

"నాకేం తెలీదమ్మా. మీ అత్తయ్య పెట్టి వెళ్తుంది. ఆపితే ఊరుకోనంది."

నేను బయటికొచ్చి మెట్ల మీద కూర్చుండిపోయాను. పెద్దావిడలు తిరిగొచ్చారని నాలుగు పేజీలు రాశాను. ఆ ముక్కని ఎంత సన్నగా కోశానంటే అందులో మిగిలేది పిడికెడు ఇళ్ళు. ఆ పిడికెడులో ఒకటి ఈ ఖాళీ హాలు. మొదటి రోజు గుడ్డ కింద ఎర్ర లైటు చూశాను. టీవీ నడుస్తున్నా ఎవరూ మీట నొక్కకపోతేనే అది ఎర్రగా కొట్టుకుంటుంది. ఆ సంగతి మా ఆఫీసులో కొత్తగా చేరినవాళ్ళకి నేర్పేది నేనే.

పార్కుకి తిరిగి వెళ్ళాను. అత్తయ్య బెంచీ మీద తప్పు చేసిన పిల్లలా కూర్చుని ఉన్నారు. నేను పక్కన కూర్చున్నాను. ఆవిడే ముందు అడిగారు.

"చూసేశావా?"

"చూశానత్తయ్యా."

"నీకు ముందే తెలుసా అదేంటో?"

"మొదటి రోజే తెలుసు."

"అయ్యో రాత. నేనేమో కరెంటూ అదీ అని." కాసేపు పైట చెంగుతో మొహం తుడుచుకున్నారు. "గురువారం వస్తే నువ్వు ఫోన్ ఎత్తవు. అబ్బాయి చెప్పాడు, నంబరు పోతే మీవాళ్ళందరినీ తీసేస్తారట కదా. పెట్టె నా చేతిలో ఉండి నేను ఊరుకుంటే ఎలా? నీ కంగారు చూసి మొదటినుంచీ మీ ఛానెల్ పెట్టినప్పుడే నొక్కుతున్నాను. కోర్టు సీరియల్ చూసేటప్పుడు గుడ్డ కప్పేసి నొక్కను. అబ్బాయి చెప్పాక, బయటికి వచ్చినా మీది పెట్టి వస్తున్నాను."

"అసలు పెట్టేటప్పుడు వాళ్ళు అడగలేదా, బంధువులెవరైనా టీవీలో పనిచేస్తున్నారా అని?"

"అడిగారు. లేరన్నాను. కోడలు బంధువేంటి? నువ్వు ఇంటి మనిషివి."

నాకు ఏడుపొచ్చింది. ఆవిడ కంగారుపడి నా వీపు నిమిరారు. నన్ను జైల్లో వేస్తారా అని అడిగారు. లేదన్నాను. ఆవిడని వేస్తారా అని అడిగారు. అదీ లేదన్నాను. తర్వాత నేను కూడా కక్కేశాను. మోకాళ్ళ కోసం కాదు, ఆ సీరియల్ చూడనివ్వకుండా చేయడానికే ఇన్నాళ్ళూ నడిపించానని. చెప్తుంటే మొహం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

అత్తయ్య నా వంక చూశారు. నోటికి పైట అడ్డం పెట్టుకుని నవ్వడం మొదలుపెట్టారు. "ఓసి నీ తెలివి తగలెయ్య. మరి నా మోకాళ్ళు నిజంగానే తగ్గాయే" అన్నారు.

మార్చి 18, మంగళవారం

రేపు సారుకి చెప్పాలి. ముందు సంస్థకి చెప్పి, తర్వాత సారుకి. ముందు సారుకి చెబితే ఆయన "గురువారం దాటనీ" అంటారు, నేను సరే అంటాను. నన్ను నేను ఎరుగుదును.

ఇంట్లో మా ఆయనకి మొత్తం చెప్పాను. "మా అమ్మా?" అని మూడుసార్లు అడిగారు. తర్వాత "నీ ఉద్యోగం ఉంటుందా?" అన్నారు. తెలీదన్నాను. "పోతే పోనీ. గురువారాలైనా మనుషుల్లా అన్నం తిందాం" అన్నారు. ఇన్నేళ్ళలో గురువారాల గురించి ఆయన ఒక్క మాట అనలేదు. ఇంత కాలం ఓర్చుకున్నారన్నమాట.

మార్చి 19, బుధవారం

లెక్కల సంస్థలో ఫోన్ ఎత్తినావిడ గొంతు మెత్తగా ఉంది. అంతా విని అడిగారు. "ఆ ఇంటిని తీసేసి మళ్ళీ లెక్క కట్టాలండి. మీ ఛానెల్‌కే దెబ్బ. తెలుసు కదా?"

"తెలుసండి."

"పేపర్ల మీద మీ పేరు రాయనా, లేదా ఇల్లు మారిందని రాయనా?"

నా పేరే రాయమన్నాను. ఆవిడ థాంక్సండీ అన్నారు. మా ఆఫీసులో ఎవరూ ఎవరికీ థాంక్స్ చెప్పరు, అందుకే గుర్తుండిపోయింది.

తర్వాత డెసిమల్ సారు గది. నిలబడే చెప్పాను. ఆయన కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టారు.

"ఆ పెద్దావిడలు... ఇంటికి తిరిగొచ్చినవాళ్ళు... అంతా మీ అత్తగారేనా?"

"అంతా కాదు సార్. చాలా వరకు."

"పాటలు వింటున్నారా మరి?"

"లేదు సార్. పార్కులో ఉన్నారు. నాతో."

ఆయన భుజాలు కదిలాయి. ఏడుస్తున్నారేమోనని భయపడ్డాను. నవ్వుతున్నారు. కళ్ళలో నీళ్ళొచ్చేదాకా నవ్వి, కడుపు మంట మాత్రలు సొరుగులో పడేసి, "రేపు రెండో స్థానం అన్నమాట" అన్నారు. పైవాళ్ళకి తనే చెప్తానన్నారు. తలుపు దగ్గర ఆగి వెనక్కి తిరిగారు. "ముందే నాకు చెప్పుంటే ఏమనేవాణ్ణో తెలుసా?"

"గురువారం దాటనీ అనేవారు."

"అదే. మంచి పని చేశావు."

మార్చి 20, గురువారం

రెండో స్థానం.

రాసి చూసుకున్నాను. ఇంకోసారి రాస్తాను. రెండో స్థానం. ఏమీ కాలేదు. లిఫ్టు పనిచేసింది. క్యాంటీనులో టీ ఎప్పటిలాగే చల్లగా ఉంది. పదకొండింటికి అంకెలు వచ్చినప్పుడు గదిలో ఎవరూ కదల్లేదు, తర్వాత ఎవరో గట్టిగా ఊపిరి వదిలారు, ఆ వెంటనే అందరూ వదిలారు. గ్రాఫుల అమ్మాయి "అయిపోయిందా మేడం?" అంది. అయిపోయిందన్నాను. "అమ్మయ్య" అనేసి నాలుక కరుచుకుంది. ఎవరూ కోప్పడలేదు.

సారు డబ్బా మొత్తం ఖాళీ చేశారు. ఊరగాయతో సహా.

రోడ్డు అవతల నాలుగో అంతస్తులో కేకు కోస్తున్నారు. ఆ ఆవిడ కిటికీ దగ్గరకి వచ్చింది. సంతోషంగా లేదు. ఇకనుంచి ప్రతి వారం దాన్ని నిలబెట్టుకోవాల్సింది ఆవిడే కదా. నేను చెయ్యి ఊపాను. ఆవిడ ముందు వెనక్కి తిరిగి చూసింది, తనకేనా అని. తర్వాత తనూ ఊపింది.

మార్చి 24, సోమవారం

పాతికేళ్ళ గ్రాఫు మళ్ళీ గీశాను. ఈసారి కింద కత్తిరించలేదు. సున్నా నుంచి మొదలుపెట్టాను. మూడు ఛానెళ్ళ గీతలూ ఎడమవైపు పైన మొదలై కుడివైపు కిందకి కలిసి దిగాయి. చివర్లో మా గీతని ఎదురింటివాళ్ళ గీత దాటిన చోటు భూతద్దం పెట్టి వెతికితే తప్ప దొరకదు. అంత చిన్న చోటు కోసం ఇన్నేళ్ళు నిద్ర పాడుచేసుకున్నాం. పైన మాత్రం కాగితం సగానికి పైగా తెల్లగా ఉంది.

సారుకి చూపించాను. చాలాసేపు చూసి "ఇదే తీసుకెళ్దాం" అన్నారు. విభాగం ఉంటుందా లేదా అనే మాట ఇద్దరం ఎత్తలేదు.

మార్చి 27, గురువారం

వార్షికోత్సవం మీటింగు. పైవాళ్ళంతా వచ్చారు. చైర్మన్ గారు పెద్దావిడ, వినికిడి కాస్త తక్కువ, చూపు మాత్రం సూది లాంటిది. గ్రాఫు తెర మీద పడగానే ఆవిడ గీతల వంక చూడలేదు.

"పైన అంత తెల్లగా ఉందేమిటి? ప్రింటు సరిగా రాలేదా?"

నేను లేచాను. తెర దగ్గరకి వెళ్ళి ఆ తెల్ల భాగం మీద చెయ్యి పెట్టాను. "అవి ఇళ్ళు మేడం. అప్పట్లో సాయంత్రం మన మూడు ఛానెళ్ళలో ఏదో ఒకటి చూసిన ఇళ్ళు. ఇప్పుడు ఏదీ చూడటం లేదు. మనమూ ఎదురింటివాళ్ళూ కొట్టుకుంటున్నది ఈ కింద మిగిలినవాళ్ళ కోసం."

"ఇన్నాళ్ళూ నాకు చూపించిన గ్రాఫుల్లో ఇది లేదే."

అప్పుడు డెసిమల్ సారు లేచారు. "మేమే కత్తిరించేవాళ్ళం మేడం. ఆమె గీసేది, కత్తిరించమని చెప్పేది నేను" అన్నారు. ఆయన పక్కన ఎవరో నీళ్ళ గ్లాసు జరిపారు. ఆయన తాగలేదు.

చైర్మన్ గారు తన కళ్ళజోడు తుడుచుకుని, "మా ఇంట్లో మనవలు కూడా ఆ తెల్లదాంట్లోనే ఉన్నారు" అన్నారు. ఆవిడ నా వైపు తిరిగి, "మొదటివాళ్ళెవరో నాకు వారం వారం చెప్పక్కర్లేదు. వీళ్ళంతా ఎటు పోయారో కనుక్కుని చెప్పండి. ఎంతమంది కావాలి?" అన్నారు.

"ఇప్పుడున్న ఏడుగురం చాలు మేడం" అన్నాను. బయటికి వచ్చాక బాత్రూములోకి వెళ్ళి కుళాయి తిప్పి కాసేపు ఏడ్చాను. ఇది మంచి ఏడుపు.

ఏప్రిల్ 3, గురువారం

ఈ వారం కూడా రెండో స్థానమే. గుమ్మంలో ఉండే పెద్ద బోర్డు మీద అంకెలు వేయడం మానేశారు, అక్కడ పూలకుండీ పెట్టారు. నేను ఆరింటికే బయటపడ్డాను. ఎండ ఇంకా ఉంది. గురువారం ఎండ చూసి ఎన్నాళ్ళయిందో.

నేరుగా అత్తయ్యగారింటికి వెళ్ళాను. సంస్థవాళ్ళు నిన్ననే వచ్చి పెట్టె విప్పుకుని పోయారట. ఆవిడ దిగులుపడుతుంటారేమో, ఓదార్చాలని కూడబలుక్కుని వెళ్ళాను. తలుపు తీయగానే ఆవిడే మొదలుపెట్టారు.

"పీడ విరగడైంది తల్లీ. లేస్తే నొక్కు, కూర్చుంటే నొక్కు, బాత్రూముకి వెళ్తే నొక్కు. కునుకు పడితే పాపం చేసినట్టు ఉలిక్కిపడటం. మీ పాటలవాళ్ళు ఎన్నాళ్ళు నా ప్రాణం తీశారో. ఏమనుకోకు, ఆ పిల్లల్లో ఒక్కడికీ శ్రుతి లేదు."

"ఏమనుకుంటానత్తయ్యా, నాకూ అలాగే ఉంది."

మామయ్య చెవుల్లో దూది లేదు. ఏడున్నర అయింది. అత్తయ్య ఎదురింటివాళ్ళ ఛానెల్ పెట్టి, సోఫాలో కాళ్ళు పైకి పెట్టుకుని కూర్చున్నారు. లాయరమ్మ కోర్టులోకి అడుగుపెట్టింది. నేను టీ కప్పు పట్టుకుని హాలు మధ్యలో నిలబడి, చైర్మన్ గారు ఏమన్నారో, సారు ఎలా లేచి నిలబడ్డారో, నేనేం చెప్పానో, పూసగుచ్చినట్టు చెప్పుకుపోతున్నాను. అత్తయ్య ఊ కొడుతున్నారు. కాసేపయ్యాక మెడ పక్కకి వంచి నా వెనక్కి చూస్తూ అడిగారు.

"అయితే రెండో స్థానంలో ఉన్నా మీకేం కాదు కదా?"

"ఏం కాదత్తయ్యా."

"ఎవర్నీ తీసెయ్యరు కదా?"

"ఎవర్నీ తీసెయ్యరు."

"అయితే కాస్త పక్కకి జరుగు. కనపడటం లేదు."

జరిగాను.